తొంభై ఎనిమిది

ప్రశ్నాపత్రంలో పద్నాలుగో ప్రశ్న:
సర్కారు మీ మాట వింటుందనుకుంటున్నారా?
బాగా వింటుంది, ఒకటి.
కొంచెం, రెండు. అసలు వినదు, మూడు.
చెప్పలేను అంటే తొంభై ఎనిమిది.
మధ్యలో అంకెలన్నీ ఎటు పోయాయని
నేనెవరినీ అడగలేదు.
ఫెలోషిప్ ఆగి అప్పటికి నాలుగు నెలలు,
అంకెలు మాయమవడం నాకు కొత్త కాదు.

అంబర్‌పేట దాటాక, మూసీ వాసన మొదలయ్యే చోట
బస్తీ. నూట నలభై గడపలు.
మే నెల. చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు,
చెమటకి జారిపోయే పెన్ను.
కొందరు మమ్మల్ని కొలతలవాళ్లనుకున్నారు,
గోడ మీద ఎర్రరంగుతో నంబరేసి పోయేవాళ్లు.
ఒకావిడ అడక్కముందే అంది:
"కరెంటు బిల్లు ఉంది, నల్లా బిల్లు ఉంది, చూస్తవా?"
యూనివర్సిటీ నుంచి వచ్చామన్నాను.
"గదేం ఆఫీసు?"

గల్లీలు తెలియని మాకు నర్సింగ్ తోడొచ్చాడు.
కార్పొరేటర్ దగ్గర తిరిగే కుర్రాడు.
మా సీసాల్లో నీళ్లు నింపించేవాడు,
కుక్కల్ని అదిలించేవాడు,
ప్రతి గడప ముందూ "చెప్పవ్వా, ఏం కాదు" అనేవాడు.
వ్యాసం చివర అతనికి కృతజ్ఞతలు రాశాం.

నూట నలభైలో ఎనభై ఒకటి, తొంభై ఎనిమిదులే.
సెమినార్ హాల్లో ఏసీ గుర్రు పెడుతుంటే
భ్రమరాంబ మేడం తెర మీద పొడుగాటి కడ్డీని చూపించి
రాజకీయ నిరాసక్తత అన్నారు.
ఢిల్లీ నుంచి వచ్చినాయన తలూపాడు.
సమోసాలు చల్లారాయి.
నాకూ ఆ మాట నచ్చింది,
ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది.

మేడం అంతటితో ఊరుకునే మనిషి కాదు.
వాళ్ల దగ్గర తెచ్చుకున్నది వాళ్లకి చూపించొద్దా అని
కడ్డీలన్నీ చార్టు మీద గీయించి
తెలుగులో ఉర్దూలో రాయించి
అంగన్‌వాడీ గదిలో అతికించారు,
అ అమ్మ, ఆ ఆవు పక్కన.
ఆదివారం. ఇరవై మంది వచ్చారు.
ఇద్దరు కునికారు.
ఒక చంటిది చార్టు మూల చింపి నోట్లో పెట్టుకుంది.

"మీలో చాలామంది చెప్పలేను అన్నారు," మేడం మొదలుపెట్టారు,
"అంటే తెలీదని..."

చెత్తబండి దగ్గర పనిచేసే కిష్టవ్వ లేచింది.
"తెల్వదని ఎవరన్నరు?
చెప్పలేనన్న.
చెప్ప. లేను.
వాడు నీ ఎన్కనే నిలబడె కద."

"నా రేషన్ కార్డు ఇంకా వాళ్ల దగ్గర్నే ఉన్నది,"
ఖమరున్నీసా మెల్లగా, గోడతో చెప్పినట్టు.

గదంతా తలుపు వైపు చూసింది.
నర్సింగ్ ఆ రోజు ఊళ్లోనే లేడు.
అయినా చూసింది.

నా అట్ట మీద
పైకప్పుకి గడి ఉంది, మరుగుదొడ్డికి ఉంది,
కూలరుకీ కుట్టుమిషనుకీ ఉంది.
అడిగేవాడి వెనక ఎవరున్నారో
రాసుకోవడానికి లేదు.

కిష్టవ్వ ఆ అట్ట లాక్కుంది.
తలకిందులుగా పట్టుకుంది.
పద్నాలుగో ప్రశ్న ఆవిడకి కంఠతా వచ్చు,
పక్కిళ్లలో మేం అడుగుతుంటే విన్నది.
"చెప్పు బిడ్డా,
మీ ఇనివర్సిటీ నీ మాట ఇంటదా?"

మేడం నా వెనకే ఉన్నారు.
ఆవిడ సంతకం కావాల్సిన కాగితం
నా సంచిలోనే ఉంది.

చెప్పలేను, అన్నాను.

గది పగలబడి నవ్వింది.
అందరికంటే ముందు మేడమే.

తార్నాక దాకా బస్సులో ఏమీ మాట్లాడలేదు.
చుట్టిన చార్టు ఒళ్లో పెట్టుకుని
చిరిగిన మూలని వేలితో సాపు చేస్తూ కూర్చున్నారు.
దిగేటప్పుడు, నా వైపు చూడకుండా,
"ఎన్ని నెలలైందమ్మా, నీ ఫెలోషిప్ ఆగి?"

పదకొండు, అన్నాను.